చుక్కలు లెక్కపెట్టిన యూనివర్సిటీ

కిందటి నెల శాండ్రింగ్‌హామ్‌లో ఒక మిత్రుల ఇంట సత్యనారాయణ వ్రతం జరిగింది. ప్రసాదాలయ్యాయి, భోజనాలయ్యాయి, పిల్లలు పెరటి గడ్డిలో క్రికెట్టు మొదలుపెట్టారు. పెద్దలకు కబుర్లు మిగిలాయి. ఆ యింటి అమ్మాయి వచ్చే ఏడు యూనివర్సిటీలో చేరవలసి ఉంది కనుక మాటలు సహజంగానే అటు మళ్ళాయి. ఎవరో ప్రపంచ యూనివర్సిటీల రాంకుల పట్టిక తీశారు. ఆక్లండు ఎక్కడ, ఒటాగో ఎక్కడ, మెల్‌బోర్న్ ఎక్కడ అని చూసుకున్నాక, వద్దనుకుంటూనే, మన వైపువి ఎక్కడున్నాయో వెతికాము. ఉస్మానియా, ఆంధ్ర, శ్రీ వేంకటేశ్వర, వీటిని పట్టుకోవడానికి వేలు చాలాసేపు కిందికి జరపవలసి వచ్చింది.

వెంటనే సభ రెండుగా చీలింది. కంప్యూటర్ల పనిలో ఉన్న ఒక పెద్దమనిషి, "వందేళ్ళు దాటిన యూనివర్సిటీ. ప్రపంచానికి పనికొచ్చే పరిశోధన ఒక్కటంటే ఒక్కటి చేసిందా? డిగ్రీ కాగితాలు అచ్చువేసింది. ఆ కాగితం పట్టుకుని మనం విమానం ఎక్కాం" అన్నారు. ఇంకొకాయనకు రోషం వచ్చింది. మన ఋషులు ఎప్పుడో అన్నీ కనిపెట్టేశారనీ, తక్కినవాళ్ళు మన దగ్గర నేర్చుకున్నవే మనకు తిరిగి అమ్ముతున్నారనీ ఆయన వాదం. ఈ రెండు పక్షాలకూ మధ్య ఉన్న వందేళ్ళ గురించి, అంటే నిజంగా యూనివర్సిటీలూ, లాబరేటరీలూ, జీతాలు తీసుకుని పనిచేసిన మనుషులూ ఉన్న కాలం గురించి, ఎవరూ నోరు విప్పలేదు. మేమూ విప్పలేదు. మా నోట్లో పులిహోర ఉంది.

మూడు నెలలుండి పోదామని వచ్చిన మా నాన్నగారు కూడా ఆ సభలో ఉన్నారు. ఆయన 1970లలో ఉస్మానియాలో ఎమ్మెస్సీ చేసినవారు. అక్కడ ఏమీ అనలేదు. సాయంత్రం శాండ్రింగ్‌హామ్ రోడ్డు మీద, కిరాణా కొట్ల ముందునుంచి నడిచి వస్తుండగా, "బేగంపేటలో చుక్కలు లెక్కపెట్టారు కదమ్మా. ఆ మాట చెప్పలేకపోయావా?" అన్నారు.

మన భాషలో చుక్కలు లెక్కపెట్టడమంటే నిద్రపట్టనివాడూ పనిలేనివాడూ చేసే పని. బేగంపేటలో మాత్రం అది కొందరికి జీవితమంతా ఉద్యోగమే అయింది. ఆ కథ మా నాన్నగారు కొంత చెప్పగా, మేము కొంత చదివి తెలుసుకున్నాము. దానితోబాటు మా సొంత సంగతి ఒకటి కూడా చెప్పుకోవలసి వచ్చింది కనుక ఈ వ్యాసం.

నిజాం సంస్థానంలో నవాబు జఫర్ జంగ్ అనే ప్రభువుకు ఆకాశం పిచ్చి. ఇంగ్లండులో 15 అంగుళాల దుర్భిణి కొని తెచ్చి 1901లో హైదరాబాదులో ఫిసల్‌బండ దగ్గర వేధశాల పెట్టించాడు. దానికి నిజాం పేరే పెట్టుకుని నిజామియా అన్నాడు. 1907లో ఆయన పోయాడు. ఆయన కోరిక ప్రకారం 1908లో ప్రభుత్వం దాన్ని స్వాధీనం చేసుకుని, తరువాత బేగంపేటకు మార్చింది. 1919లో అప్పుడప్పుడే పుట్టిన ఉస్మానియా యూనివర్సిటీకి అప్పజెప్పింది. రాజ్యంలో ఎక్కువమంది మాట్లాడేది తెలుగు, యూనివర్సిటీలో పాఠాలు ఉర్దూలో. చుక్కల లెక్కలు మాత్రం ఇంగ్లీషులో అచ్చయ్యేవి. ఆ పుస్తకాలు తెలుగు ఇళ్ళలోకి రాకపోవడంలో వింత లేదు.

ఏమిటీ లెక్కలు? 1887లో పారిస్‌లో ఖగోళ శాస్త్రజ్ఞులంతా కూడి ఒక బృహత్ప్రయత్నానికి పూనుకున్నారు. ఆకాశాన్ని చీర కుచ్చిళ్ళలాగా అడ్డపట్టీలుగా విభజించి, ఒక్కొక్క పట్టీ ఒక్కొక్క వేధశాల ఫొటోలు తీసి, పదకొండో తరగతి కాంతి దాకా ఉన్న ప్రతి చుక్క స్థానాన్ని కొలిచి అచ్చువేయాలని నిర్ణయం. మామూలు కంటికి ఆరో తరగతి దాటితే కనిపించదు. ఇవి దానికి వంద రెట్లు మసక చుక్కలు. మొత్తం నలభై లక్షల పైమాటే. కొన్నేళ్ళలో అయిపోతుందనుకున్నారు. అయిపోలేదు. దక్షిణ అమెరికాలో సాంటియాగో వేధశాల తన వంతు చేయలేకపోయింది. జర్మనీలో పాట్స్‌డాం కొంత చేసి మానేసింది. సాంటియాగో వదిలేసిన పట్టీని, అంటే దక్షిణంగా 17 నుంచి 23 డిగ్రీల దాకా ఉన్నదాన్ని, హైదరాబాదు తలకెత్తుకుంది. 1914లో ప్లేట్లు తీయడం మొదలుపెట్టి 1929 నాటికి ముగించింది. ముగియకముందే పాట్స్‌డాం వదిలిన దానిలో ఒక ముక్క, ఉత్తరంగా 36 నుంచి 39 డిగ్రీల దాకా, అదీ తీసుకుని 1938 దాకా ఫొటోలు తీసింది. ఎనిమిది అంగుళాల కుక్ కంపెనీ కెమెరా దుర్భిణి. రెండు పట్టీలకూ కలిపి సుమారు 1850 ప్లేట్లు. నాలుగు లక్షలకు పైగా చుక్కలు.

ప్లేటు తీయడం ఒక రాత్రి పని. కొలవడం నెలల పని. ప్రతి గాజు పలక మీదా అయిదేసి మిల్లీమీటర్ల దూరంలో అడ్డగీతలూ నిలువుగీతలూ పడి ఉంటాయి. ఒక మనిషి సూక్ష్మదర్శిని ముందు కూర్చుని, ఏ గడిలో ఏ చుక్క అడ్డంగా ఎంత, నిలువుగా ఎంత అని చూసి చెప్పాలి, రాయాలి, సరిచూడాలి. ఆ పలకల మీద ఒక మిల్లీమీటరు ఆకాశంలో ఒక కళ, అంటే డిగ్రీలో అరవయ్యో వంతు. ఆ మిల్లీమీటరులో మళ్ళీ వందో వంతుల దాకా పోవాలి. పొద్దున పదింటికి ఆఫీసుకు వచ్చి, సాయంత్రం దాకా చుక్కలు కొలిచి, ఇంటికి పోయి భోంచేసి పడుకోవడం. మర్నాడు మరో గడి. 1914 నుంచి 1918 దాకా పోకాక్ అనే ఇంగ్లీషాయన, ఆ తరువాత 1944 దాకా టి. పి. భాస్కరన్ గారు డైరెక్టర్లుగా ఈ పని నడిపారు. సూక్ష్మదర్శినుల ముందు కూర్చున్నవారి పేర్లు ఎంత వెతికినా మాకు దొరకలేదు.

బేగంపేట అనగానే మా వైద్యులకు వేరే పేరు గుర్తుకొస్తుంది. 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూసింది ఆ చుట్టుపక్కలనే. ఆ భవనం తరువాత ఉస్మానియా యూనివర్సిటీ చేతికే వచ్చింది. రాస్ సైన్యంలో డాక్టరు. 1902లో నోబెల్ బహుమతి వచ్చింది. మెడికల్ కాలేజీలో ప్రతి విద్యార్థికీ ఆయన పేరు తెలుసు. రాస్ చేసినది ఒక క్షణంలో కనిపెట్టిన పని. అంతకు ముందు ఎన్నాళ్ళు దోమలు కోశాడో మనకు పట్టదు. చుక్కల వాళ్ళకు అలాంటి క్షణం ఒక్కటీ లేదు. ముప్ఫై ఏళ్ళు దోమలు కోసి, కోసిన దోమల పట్టిక అచ్చువేసినట్టుంటుంది వాళ్ళ కథ.

ఇక్కడ ఎవరైనా మూడు ప్రశ్నలు అడగవచ్చు. మేము అడుగుకున్నాము.

దొరలు వదిలేసిన కూలిపని మనవాళ్ళు ఎందుకు చేయాలి అన్నది మొదటిది. పథకం వేసింది పారిస్‌లో, ఫలితం వాడుకునేది ఐరోపాలో, మధ్యలో ఎవరూ చేయనన్న పట్టీ హైదరాబాదుకు. ఇందులో కొంత నిజం ఉంది. అయితే వదిలేసినది చిలీవాళ్ళూ జర్మన్లూ కూడా. ఒప్పుకుని చేయలేనివాళ్ళ మధ్య ఒప్పుకుని చేసినవాడు చిన్నవాడెలా అవుతాడో మాకు అర్థం కాలేదు. దీన్ని ఇంతటితో వదిలేస్తాము.

రెండోది గట్టి ప్రశ్న. 1908లో ప్రభుత్వం వేధశాలను తీసుకున్నదని చెప్పాము కదా. అదే సంవత్సరం సెప్టెంబరు 28న మూసీ పొంగి హైదరాబాదును ముంచెత్తింది. వేలమంది పోయారు. పల్లెల్లో వెట్టి ఉండేది. 1918లో వచ్చిన ఇన్‌ఫ్లుయెంజా దేశమంతటినీ ఊడ్చింది. అటువంటి రాజ్యంలో రైతు కట్టిన శిస్తులోంచి తీసి, సాంటియాగోవాళ్ళు కొలవని చుక్కలు కొలిపించడం న్యాయమా? ఆ డబ్బుతో ఎన్ని బావులు, ఎన్ని ప్రసూతి మంచాలు వచ్చేవి? వరద తరువాత విశ్వేశ్వరయ్యగారి సలహాతో ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ కట్టించారు కనుక ప్రభుత్వం బొత్తిగా కళ్ళు మూసుకోలేదని అనవచ్చు. కాని అది ఈ ప్రశ్నకు జవాబు కాదు. మేము ఆస్పత్రిలో పనిచేసేవాళ్ళము. ఒకచోట ఖర్చుపెట్టిన రూపాయి మరొకచోట లేకుండా పోతుందని రోజూ చూస్తాము. ఆ బావులు తవ్వవలసినదే. వేధశాల మూస్తే బావులు తవ్వేవారా, లేక నిజాంగారి నగల పెట్టెకు మరో రత్నం చేరేదా అన్నది వేరే సంగతి. అలా అని తప్పించుకోవడం కూడా మాకు ఇష్టం లేదు. ఈ ప్రశ్నకు మా దగ్గర పూర్తి జవాబు లేదు.

మూడోది: అసలు పనికొచ్చిందా? చాలాకాలం దీనికి జవాబు లేదనే. ఐరోపా వేధశాలలు ఈ కొలతల్లో మునిగి ఉండగా, అమెరికావాళ్ళు నక్షత్రాల కాంతిని విడగొట్టి అవి దేనితో తయారయ్యాయో, ఎంత వేడో కనిపెట్టుకుంటూ ముందుకు పోయారు. ఈ మహాపథకం ఒక తరం శాస్త్రజ్ఞులను మింగేసిందని రాసినవారున్నారు. ఆఖరి సంపుటాలు 1960లలో వచ్చేనాటికి అడిగేవాళ్ళు లేరు. అచ్చయినవి స్థానాలు కూడా కావు, పలక మీద అడ్డం ఇంత, నిలువు ఇంత అనే ముడి అంకెలు. కంప్యూటరు లేని రోజుల్లో వాటితో ఏమీ చేయలేకపోయారు. హైదరాబాదు సంపుటాలూ అలాగే అలమరల్లో ఉండిపోయాయి.

వైద్యంలో మాకొక అలవాటుంది. ఛాతీ ఎక్స్‌రేలో చిన్న మచ్చ కనిపిస్తే మేము మొదట అడిగే ప్రశ్న, "పాత ఫిల్ము ఉందా?" అని. పదేళ్ళ కిందటి ఫిల్ములో ఆ మచ్చ అంతే ఉంటే చాలావరకు నిశ్చింత. లేకపోతే, చిన్నదిగా ఉంటే, అప్పుడు ఆలోచించాలి. ఆ పాత ఫిల్ము ఎవరు తీశారు? ఏదో తాలూకా ఆస్పత్రిలో ఏదో దగ్గుకు తీసి ఉంటారు. తీసిన టెక్నీషియనుకు ఆ రోజు అందులో చెప్పుకోదగినది ఏమీ కనిపించలేదు. 'నార్మల్' అని రాసి కవరులో పెట్టాడు. ఆ 'ఏమీ లేదు' అన్నది పదేళ్ళ తరువాత ఒక మనిషి ప్రాణం మీద తీర్పు చెప్పే సాక్ష్యమవుతుంది. ఈనాటి మెషీను ఎంత ఖరీదైనదైనా నిన్నటి ఫిల్ము తీయలేదు.

ఐరోపావాళ్ళు 1989లో హిప్పార్కస్ అనే ఉపగ్రహాన్ని పంపారు. అది 1993 దాకా చుక్కల స్థానాలు అమోఘంగా కొలిచింది. కాని నక్షత్రాలు నిలిచి ఉండేవి కావు. ఒక్కొక్కటీ తన దారిన మెల్లగా నడుస్తుంది. ఏడాదికి వికలలో వందో వంతు నడిచే చుక్క మూడేళ్ళలో ఎంత కదులుతుంది? దాని నడక తెలియాలంటే ముందరి స్థానం తెలియాలి. అప్పుడు పాత ఫిల్ము గుర్తుకొచ్చింది. వాషింగ్టన్‌లోని నౌకాదళ వేధశాలవాళ్ళు ఈ పాత సంపుటాలన్నిటినీ కంప్యూటరులోకి ఎక్కించి, ముడి అంకెలను స్థానాలుగా మార్చారు. హైదరాబాదు పట్టీలు రెండూ అందులో ఉన్నాయి. వాటినీ ఉపగ్రహపు కొలతలనూ పోల్చి 2000లో టైకో-2 అనే పట్టిక వెలువరించారు. పాతిక లక్షల నక్షత్రాల స్థానాలు, నడకలు. ఎనభై ఏళ్ళ కిందట బేగంపేటలో ఒకరు గడిలో చూసి రాసుకున్న అంకె వల్ల, ఇవాళ ఆ చుక్క ఎటు పోతున్నదో తెలిసింది.

ఇక్కడితో ఆపితే కథ కంచికి పోయినట్టే. వ్రతంనాటి పెద్దమనిషికి మంచి జవాబు కూడాను. కాని ఆపడం న్యాయం కాదు. 2013 డిసెంబరులో ఐరోపావాళ్ళు గయా అనే మరో ఉపగ్రహాన్ని పంపారు. అది 2025 జనవరి దాకా పనిచేసింది. నూట ఎనభై కోట్ల చుక్కల వివరాలు ఇప్పటికే వచ్చాయి. దాని కొలత ఎంత సూక్ష్మమంటే, కొద్ది సంవత్సరాల తన కొలతలతోనే నడకలు చెప్పేయగలదు. పాత ఫిల్ము అవసరం చాలావరకు తీరిపోయింది. అంటే ఎనభై ఏళ్ళు ఎదురుచూసిన బేగంపేట సంపుటాలకు వెలుగు దొరికింది ఒక ఇరవై ఏళ్ళు. 'ఎప్పటికైనా పనికొస్తుంది' అనే వాదంతో వాళ్ళను సమర్థించినవారికి ఇప్పుడేం చెప్పాలి? ఒక పనికి విలువ దాని ఉపయోగంలోనే ఉంటే, ఆ విలువ 1940లో సున్న, 2000లో నూరు, ఇవాళ మళ్ళీ సున్నకు దగ్గర. కొలిచిన మనిషి మాత్రం మూడు సార్లూ అదే మనిషి, అదే అంకె. ఇది మాకు మింగుడుపడలేదు.

ఆ టైకో పట్టిక తయారైన తీరు చదువుతుండగా ఒక విషయం దగ్గర మేము ఆగిపోయాము. పాత సంపుటాలను తిరిగి లెక్కగట్టినవారు ఒక్కొక్క వేధశాల కొలతల్లో ఏ రకం తప్పులున్నాయో విడివిడిగా పరీక్షించారట. ఒకచోట అద్దం అంచుల దగ్గర వంకర. ఒకచోట కాంతివంతమైన చుక్కలన్నీ ఒక పక్కకు జరిగి ఉంటాయి. ఇటువంటి తప్పులకు ఒక పద్ధతి ఉంటుంది. మనిషి చూసినదే రాస్తే, చూపులో లోపమున్నా, అద్దంలో లోపమున్నా, ఆ లోపం అంకెల్లో ఒక చాలుగా పడి ఉంటుంది. ఎనభై ఏళ్ళ తరువాత వచ్చినవాడు ఆ చాలును గుర్తుపట్టి తీసివేయగలడు. పట్టికలో సరిదిద్దడానికి వీలులేనిది ఒక్కటే ఉంటుంది: చూడకుండా రాసిన అంకె.

ఇప్పుడు మా సంగతి. పదేళ్ళ కిందట మన రాష్ట్రంలో ఒక ఆస్పత్రిలో పీజీ చేస్తుండగా మేమూ ఒక పరిశోధన చేశాము. చేయక తప్పదు; థీసిస్ లేనిదే పరీక్షకు కూర్చోనివ్వరు. క్షయకు మందులు వాడుతున్నవారిలో కాలేయం ఎలా ఉందో మూడు విడతలు రక్తపరీక్ష చేసి చూడాలి. అరవైమంది రోగులు. రెండు విడతలు అందరూ వచ్చారు. మూడో విడతకు పదముగ్గురు రాలేదు. రాకపోవడానికి కారణాలు మాకు తెలుసు. వాళ్ళు వచ్చేది ముప్ఫై నలభై మైళ్ళ నుంచి. బస్సు చార్జీ కావాలి, ఆ రోజు కూలి పోతుంది, పైగా దగ్గు తగ్గింది. గడువు దగ్గరపడింది. "రాకపోయారంటే బాగున్నట్టే. నార్మల్ అని వేసేయ్" అన్నారు పెద్దవారొకరు. వేసేశాము. ఒక మధ్యాహ్నం, టీ తాగుతూ, పదముగ్గురికీ మూడేసి అంకెలు. మరీ ఒకేలా ఉంటే అనుమానం వస్తుందని కాస్త అటూ ఇటూగా కూడా వేశాము. పరీక్షకులు మెచ్చుకున్నారు. థీసిస్ లైబ్రరీ అలమరలోకి పోయింది. ఎవరు చదువుతారులే అని మేము నిశ్చింతగా ఉన్నాము. తరువాత ఇక్కడికి వచ్చి, పరీక్షలు రాసి, ఉద్యోగాల్లో కుదురుకున్నాము.

కిందటేడు ఒక కుర్ర డాక్టరు దగ్గరనుంచి ఉత్తరం వచ్చింది. మన జిల్లాల్లో అచ్చుకాని థీసిస్‌లన్నీ పోగుచేసి, క్షయ మందుల వల్ల మనవాళ్ళ కాలేయాలకు నిజంగా ఎంత ముప్పో లెక్క తేల్చాలని అతని ప్రయత్నం. ఇటువంటి లెక్కలు ఎక్కువగా వేరే దేశాలవి, మనవి మనకు కావాలి అన్నాడు. మాది దొరికింది, చక్కగా ఉంది, ఒక్క రోగి కూడా జారిపోకుండా చూసుకున్నారు, ముడి అంకెలు పంపగలరా అని అడిగాడు. జవాబు రాయడానికి మాకు పదకొండు రోజులు పట్టింది. చివరికి నిజం రాశాము. ఆ పదముగ్గురి మూడో పరీక్ష తీసివేయమన్నాము. రెండు రోజుల్లో మర్యాదగా తిరుగు జవాబు వచ్చింది: "ఏ పదముగ్గురండీ?"

మాకు గుర్తులేదు. రోజువారీ కాగితాలు ఎప్పుడో పారేశాము. అరవైమంది అంకెల్లో ఏవి చూసి రాసినవో, ఏవి టీ తాగుతూ రాసినవో మాకే తెలియలేదు. అతను అరవైమందినీ తీసివేశాడు. తక్కిన నలభైఏడుగురు నిజంగా బస్సెక్కి వచ్చి రక్తమిచ్చినవారు. వాళ్ళ సూదిపోటు కూడా వృథా అయింది.

బేగంపేట సంపుటాలూ మా థీసిసూ అలమరలో ఒకేలా ఉంటాయి. దుమ్ము ఒకటే. రెండింటినీ ఎవరూ అడగలేదు. ఆనాటి రాంకుల పట్టికవాడు వస్తే రెండింటికీ తలా ఒక మార్కు వేసి పోయేవాడు. రాసేటప్పుడు మేము 'ఎవరు తెరుస్తారు' అనుకున్నాము. వాళ్ళూ అనుకుని ఉండవచ్చు, వాళ్ళకు మాకంటే ఎక్కువ కారణముంది. అయినా మూడు లక్షలో అంకెను కూడా చూసే రాశారు. దాని విలువ 2000లో పుట్టి గయాతో పోయిందని ఎవరైనా అంటే మేము ఇప్పుడు ఒప్పుకోలేము. అది పని జరిగిన మధ్యాహ్నమే పూర్తయింది. ఉపయోగం తరువాత వచ్చింది, వచ్చి పోయింది. రాస్ విషయంలో మనం మెచ్చుకునేది అదృష్టం కలిసివచ్చిన శ్రమను. అదృష్టం కలిసిరాని శ్రమను ఎలా తూచాలో మాకింకా పూర్తిగా తెలియదు గాని, రాంకుల పట్టిక ఆ తూకానికి పనికిరాదని మాత్రం అనుభవంతో చెప్పగలము.

ఓపికకు గౌరవం లేదని కాదు. మన దేశానికి దక్షిణాన డనీడిన్‌లో ('మన' అంటే న్యూజీలాండే, ఈ మాట కూడా ఈ మధ్యనే నోట్లోకి వస్తోంది) ఒటాగో యూనివర్సిటీవాళ్ళు 1972-73లో ఒకే ఆస్పత్రిలో పుట్టిన 1037 మంది పిల్లలను పట్టుకుని ఇప్పటికీ వదలలేదు. పళ్ళూ ఊపిరితిత్తులూ అప్పులూ జైళ్ళూ, అన్నీ రాస్తున్నారు. వాళ్ళకు యాభై దాటింది. నలభైఅయిదో ఏట పరీక్షకు బతికున్నవారిలో నూటికి తొంభైమందికి పైగా వచ్చారు. ఖండాల అవతల ఉన్నవారికి టిక్కెట్టు కొని రప్పిస్తారు. మా పదముగ్గురికి ఎవరైనా బస్సు చార్జీ ఇచ్చి ఉంటే అని మేము ఒకసారి అనుకున్నాము. వెంటనే సిగ్గుపడ్డాము. ఆ చార్జీ మేమే ఇవ్వగలిగేవాళ్ళం. పదముగ్గురికీ కలిపి మా నెల స్టైపెండులో ఎంత?

ఈ జబ్బు మా ఒక్కరిదీ కాదు. 2010లో యూ.జీ.సీ. అధ్యాపకుల పదోన్నతికి పేపర్ల లెక్కన పాయింట్లు పెట్టింది. పేపర్లు కావాలన్నప్పుడు పేపర్లు వచ్చాయి. డబ్బు పుచ్చుకుని ఏదైనా అచ్చువేసే పత్రికలూ వచ్చాయి. హైదరాబాదు కేంద్రంగా అటువంటి పత్రికలు వందలకొద్దీ నడిపిన ఒక సంస్థకు 2019లో అమెరికా కోర్టు అయిదు కోట్ల డాలర్లకు పైగా కట్టమని తీర్పు చెప్పింది. 'సుప్రసిద్ధ డాక్టరుగారికి' అంటూ వ్యాసం అడుగుతూ మాకూ వారానికి రెండు మూడు ఉత్తరాలు వస్తాయి. ఆ సుప్రసిద్ధ అన్న మాట చూసినప్పుడల్లా ఆ మధ్యాహ్నపు టీ గుర్తుకొస్తుంది. లెక్కకు ఉస్మానియానుంచి ఇప్పుడు ఏటా వచ్చే పేపర్లు భాస్కరన్ గారి కాలంకంటే ఎన్నో రెట్లుంటాయి. వాటిలో చూసి రాసినవి కూడా తప్పకుండా ఉంటాయి. ఏవో అలమరకు తెలియదు.

తరువాత ఒక చలి రాత్రి ఆకాశం తేటగా ఉందని మా నాన్నగారిని, ఎనిమిదేళ్ళ మావాడిని తీసుకుని ఆల్బర్ట్ కొండ ఎక్కాము. మా పెరట్లోంచి ఉత్తరానికి చూస్తే ఈడెన్ పార్కు దీపాలే కనిపిస్తాయి. బేగంపేటను కూడా దీపాలే మింగాయి. అందుకే 1968లో నలభైఎనిమిది అంగుళాల దుర్భిణిని ఊరికి దూరంగా రంగాపూర్‌లో పెట్టుకున్నారు. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణానికి దేశమంతా తలుపులు వేసుకుని కూర్చుంటే, మా నాన్నగారు మా బామ్మకు చెప్పకుండా రంగాపూర్ పోయి చూసివచ్చారట. ఆ కథ మావాడు మూడుసార్లు చెప్పించుకున్నాడు.

ఆగస్టులో ఇక్కడ రాత్రి తొమ్మిది దాటాక ఉత్తరపు అంచున, చాచిన పిడికిలికి ఒకటిన్నర పిడికిళ్ళ ఎత్తులో, ఒక్క పెద్ద చుక్క తెల్లగా వెలుగుతుంది. మనకు అది అభిజిత్తు. మావోరీలు ఫానుయి అంటారు, అది తెల్లవారుజామున తొంగిచూస్తే చిలగడదుంపలు తవ్వే వేళ అని వాళ్ళకు గుర్తు. అది హైదరాబాదు ఉత్తరపు పట్టీలోనే ఉంది. నెత్తి మీదికి చూస్తే వృశ్చికంలో అనూరాధ. అందులో రెండు చుక్కలు దక్షిణపు పట్టీలోవి. నాన్నగారు మోకాళ్ళు పట్టుకుని నిలబడి రెండూ చూపించారు.

"ఇవి తాతయ్యావాళ్ళ యూనివర్సిటీ కొలిచిందా?" అన్నాడు మావాడు.

"ఇవి కాదురా. వీటికి వెలుగెక్కువ. పలక మీద మచ్చ పడిపోతాయి, సరిగ్గా కొలవడానికి కుదరదు. వీటి చుట్టుపక్కలవి కొలిచారు."

"చుట్టుపక్కల ఏమీ లేవుగా?"

"ఉన్నాయి."

వాడు చాలాసేపు కళ్ళు చిట్లించి చూశాడు. చలి ఎక్కువగా ఉందని దిగివచ్చాము.